గడియారాల ఆవిడ ఏమైంది?

ఆ ఇంట్లో పుస్తకాలకు కొదవ లేదు, కాకపోతే ఒక్కటీ వాళ్ళది కాదు. నాన్న బైండరు. అద్దె లైబ్రరీలో చేతులు మారి మారి చిరిగిన నవలలన్నీ ఆయన బల్ల మీదికే వచ్చేవి. పాత కుట్టు విప్పాక కొత్త దారం పడేదాకా అవి విడివిడి ఫారాలుగా, పదహారేసి పేజీల కట్టలుగా ఉండేవి. కూతుళ్ళిద్దరూ లోకంలోని నవలలన్నీ చదివింది ఆ సందులోనే. పెద్దది పెద్దరికం చూపించి మొదటి సగం లాక్కునేది. చిన్నదానికి ఎప్పుడూ వెనకసగమే దక్కేది. చివరికి దాని పేరే వెనకసగం అయి కూర్చుంది.

ముందు చావు, తర్వాత జబ్బు. ముందు పెళ్ళి, తర్వాత పరిచయం. ఇలా చదివిన పిల్ల ఊరికే ఉంటుందా? ఈ అన్నదమ్ములకు పగ ఎక్కడ మొదలైందో, ఆ పిల్ల ఇల్లు వదిలి ఎందుకు వెళ్ళిందో తనే అల్లేసి అక్కకు చెప్పేది. అక్క మొదటి సగం ఒళ్ళో పెట్టుకుని జడ్జీగారిలా వినేది. "అదేం కాదు, ఇందులో వేరేలా ఉంది" అని తేల్చేసేది. కాసేపాగి, "అయినా నీదే బాగుంది, తర్వాతేమైందో చెప్పు" అనేది.

నాన్న మాత్రం ఒక్క వాక్యం చదివిన పాపాన పోలేదు. చదువుతూ కూర్చుంటే పనెప్పుడు అవుతుందని ఆయన వాదన. పేజీల నంబర్లు చూసుకునేవాడు, అంతే. ఆయన గర్వమల్లా ఒకటే, ఇచ్చింది ఇచ్చినట్టు తిరిగివ్వడం. ఆయన బల్ల మీద ఒక కాగితం పోదు, ఒక కాగితం చేరదు. పేజీలు పోయిన పుస్తకం వస్తే మరో కాపీ ఎక్కడుందో వెతికించి, చేత్తో రాయించి, ఆ చోట చేర్చి కుట్టేవాడు. అక్క పెళ్ళయి పక్కవీధికి వెళ్ళాక ఆ రాతపని పూర్తిగా వెనకసగానిదే అయింది.

అద్దె లైబ్రరీ నడిపే ఆవిడ నాన్నను తమ్ముడూ అని పిలిచేది, కనక పిల్లలకు అత్తయ్య. మంచి మనిషే, కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది. ఒకరోజు ఆవిడ ఒక లావుపాటి నవల తెచ్చింది. ముందు ఫారం మొత్తం ఊడిపోయింది.

"జనం ఎగబడి చదివే పుస్తకం తమ్ముడూ. ఇప్పుడు అచ్చులో లేదు, ఎలాగైనా మొదలు సంపాదించి పెట్టు" అంది.

వెనకసగం తిరగని లైబ్రరీ లేదు, అడగని పాతపుస్తకాల కొట్టు లేదు. ఎక్కడా ఆ నవల దొరకలేదు. తిరిగి తిరిగి కాళ్ళు పీకాయి గానీ, దారి పొడుగునా తలలో ఆ మొదలు దానంతటదే తయారవుతూనే ఉంది. మిగతా పుస్తకం అప్పటికే కంఠతా వచ్చినంత పనైంది. ఇంటికొచ్చి కలం పట్టుకుంటే చెయ్యి ఆగలేదు. పెద్ద ఇల్లు, ముగ్గురు అన్నదమ్ములు, భోజనాల దగ్గర ఒక మాట పట్టింపు. తను రాసిన చివరి మాట, మిగిలిన పుస్తకంలోని మొదటి మాటకు అతుకు తెలియకుండా కలిసిపోయింది. తన భుజం తనే తట్టుకోవాలనిపించింది.

"దొరికింది నాన్నా" అని కాగితాలు ఇచ్చింది. నాన్న నంబర్లు చూసుకున్నాడు, కుట్టేశాడు.

ఒక్క చిక్కు ఉంది. రాస్తుంటే ఎవరూ పిలవని మనిషొకావిడ ఆ కథలోకి వచ్చింది. గోడగడియారం బాగుచేయడానికి వచ్చి, "ఇది ఆగిపోయిన రోజు నేనీ ఇంట్లోనే ఉన్నాను" అని పెద్దన్నగారితో అని, సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. మిగతా పుస్తకంలో ఆవిడ నీడ కూడా లేదు. కొట్టేయాలని వెనకసగానికి తెలుసు. మనసొప్పలేదు.

కొన్నాళ్ళకు అత్తయ్య సుడిగాలిలా వచ్చి ఆ పుస్తకాన్ని బల్ల మీద ధన్‌మని పడేసింది.

"ఆ గడియారాల ఆవిడ ఏమైంది తమ్ముడూ? చదివిన ప్రతివాళ్ళూ నన్ను పట్టుకుని అదే అడుగుతున్నారు. నేనూ చదివాను. ఆవిడ మళ్ళీ రాదేం? మధ్యలో కాగితాలు పోగొట్టావు నువ్వు."

నాన్న మొహం పాలిపోయింది. ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన్ని అన్నవాళ్ళు లేరు. ఒక్కో పేజీ తిప్పి నంబర్లు చూశాడు. చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొచ్చాడు.

"అన్నీ ఉన్నాయి అక్కయ్యా" అన్నాడు. గొంతులో మాత్రం నమ్మకం లేదు. తననే తను అనుమానించుకుంటున్నాడు.

అది చూసి వెనకసగం గుండె తరుక్కుపోయింది. నోరు విప్పితే తన బండారం బయటపడుతుంది, విప్పకపోతే నాన్న పరువు పోతుంది. ఇక ఆలోచించలేదు.

"నాన్న ఏం పోగొట్టలేదత్తయ్యా. నాకు కాపీ దొరకలేదు. ఆ మొదలు నేనే రాశాను. ఆవిడ నా మనిషి."

అత్తయ్య కుర్చీ లాక్కుని కూలబడింది. తిట్లు మొదలవుతాయని వెనకసగం తల వంచుకుంది.

"నువ్వా?" అంది అత్తయ్య. కాసేపు ఎగాదిగా చూసింది. "సరే, అయితే చెప్పు. ఎవరావిడ?"

"ఇంకా తెలీదు. రాస్తే తెలుస్తుందనుకుంటా."

నాన్న పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. కత్తెర తీసుకుని దారం కోసి, ఆ ముందు ఫారాన్ని జాగ్రత్తగా విడదీశాడు. వెనకసగానికి ఏడుపు ముంచుకొచ్చింది. చించి పారేస్తాడనుకుంది. ఆయన అంచులు సరిచేసి ఆ కాగితాలు కూతురి చేతిలో పెట్టాడు.

"నాతో అబద్ధం చెప్పావు, అది తప్పు. ఇవి ఈ పుస్తకానివి కావు. వీటి పుస్తకం పట్టుకురా, కుడతాను."

అది వరమో శిక్షో వెనకసగానికి అర్థం కాలేదు. రాస్తూ పోయింది. కొట్టేసింది, ఏడ్చింది, మళ్ళీ రాసింది. గడియారాల ఆవిడ మొండిఘటం, అనుకున్నదారిన ఒక్కనాడూ నడవలేదు. అక్క రోజూ వచ్చి "మొదటి సగం ఇటు తే" అని పోరుపెట్టింది. పూర్తయ్యేదాకా చెల్లెలు ముట్టుకోనివ్వలేదు. అత్తయ్య మాత్రం, అచ్చు సంగతి తర్వాత, చేతిరాత ప్రతే అద్దెకిస్తానని లైబ్రరీలో అందరికీ చెప్పేసింది.

పూర్తయిన రోజు పొద్దున్నే వెనకసగం కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. నాన్న అప్పటికే సూదిలో దారం ఎక్కించి ఉంచాడు. అలవాటు ప్రకారం నంబర్లు చూడబోయాడు. మొదటి పేజీ దగ్గర ఆయన చెయ్యి ఆగింది. కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, పై వరుస నుంచి మొదలుపెట్టాడు.

అప్పుడే వచ్చిన అక్క సందు చూసి ముందు ఫారం వైపు చెయ్యి చాచింది. "నీ పెద్దరికం ఇవాళ చెల్లదు" అన్నాడు నాన్న, తలెత్తకుండానే.

వెనకసగం జిగురు కలుపుతున్నట్టు నటించింది. పుట్టి బుద్ధెరిగాక నాన్న చదవడం చూడటం అదే మొదటిసారి. ఒకచోట ఆయన పెదాలు కదిలాయి. ఒకచోట చిన్నగా నవ్వాడు. ఏ చోట నవ్వాడో చూడాలని ప్రాణం పీకింది గానీ అడుగు ముందుకు పడలేదు. ఒళ్ళంతా పొంగిపోతుంటే గిన్నెలో జిగురు గట్టిపడిపోయిన సంగతే చూసుకోలేదు.

సాయంత్రం అత్తయ్య వచ్చింది. దారం ఎక్కించిన సూది పెట్టినచోటే ఉంది.

"ఇంకా కుట్టలేదా తమ్ముడూ? అక్కడ జనం కాచుకుని ఉన్నారు."

"ఉండనీ అక్కయ్యా" అన్నాడు నాన్న, వేలు పేజీ మీద పెట్టి. "నేనింకా చదువుతున్నాను. మా అమ్మాయి రాసింది."