టాకీసు సందులో పడుగు

ధర్మవరంలో గోవిందరాజులు కట్టిస్తున్న టాకీసు గోడను మూడోసారి పగలగొట్టాల్సి వచ్చినప్పుడు, హిందూపురం మేస్త్రీ అంజనప్ప గడ్డపార కింద పడేసి ఒక మాట అడిగాడు.

"ఏమప్పా, ఇది ఆట చూసే ఇల్లా, పారిపోయే ఇల్లా? లోపలికి పోను ఒక్క వాకిలి. బయటికి రాను నాలుగు వాకిళ్లు పెట్టమంటాండావు!"

"నేనంటాండానా? కొత్త రూల్సు అంటాండాయి" అన్నాడు గోవిందరాజులు. "జనం లోపలికి వస్తారో రారో వాళ్లకు అక్కర ల్యా. బయటికి మాత్రం చక్కగా పోవల్లంట."

గోవిందరాజులు పుట్టుక మగ్గాల ఇంట్లోనే అయినా, బతుకు పట్టుచీరల అంగడిలో. ఊరి బయట డేరా వేసి సినిమాలాడించడం మొదలుపెట్టాక అతనికి చీరల మీద మనసు పోయింది. అంతలో ఎక్కడో దూరపు ఊర్లో ఒక డేరా కాలిపోయింది. ఆ మంట ధర్మవరం దాకా రాలేదు గానీ, దాని వెనకాలే బయలుదేరిన రూల్సు వచ్చాయి. ఇకమీదట గుడ్డ డేరాలు, బోదగడ్డి కప్పులు పనికిరావు. రాతి గోడలుండాలి, రేకుల కప్పుండాలి. సరేనని గోవిందరాజులు అంగడి అమ్మేసి రాళ్లు తోలించాడు.

మొదట అంజనప్ప కాలి బొటనవేలితో నేల మీద గీసిన ప్లాను చాలా సులువైనది. నాలుగు మందపాటి గోడలు, ముందర ఒక పెద్ద వాకిలి, అంతే. గోడలు నడుమెత్తు లేచేసరికి రూల్సు మారాయి. తలుపులన్నీ బయటికే తెరుచుకోవాలన్నారు. చట్రం తిప్పి నిలపడానికి వాకిలి దగ్గర గోడ పగిలింది. ఆ వీధిలో ఏ ఇంటి తలుపూ బయటికి తెరుచుకోదు. గోవిందరాజులు భార్య పుష్పావతి ఆ మాట విని చేతిలోని పసుపు గిన్నె కింద పెట్టేసింది.

"లక్ష్మి వస్తాంటే ఎదురుగా తలుపుతో మొగం మీద కొడతావా? నేను పూజ చెయ్యను, పో."

చివరికి పూజనాడు తలుపుల్ని బందుల నుంచి ఊడదీసి గోడకు ఆనించారు. లక్ష్మి లోపలికి వచ్చిందని పుష్పావతికి నమ్మకం కుదిరాక మళ్లీ బిగించారు, బయటికి తెరుచుకునేలాగే.

గోడలు తలెత్తు దాటేసరికి ఇంకో రూలు వచ్చింది. సినిమా రీలు ఎండుగడ్డి కన్నా సులువుగా అంటుకుంటుంది కాబట్టి మిషను గదికి హాలుతో సంబంధం ఉండకూడదన్నారు. దానికి వేరే రాతి గోడలు, బయట నుంచి వేరే మెట్లు, బొమ్మ పడే కంతకు పైనుంచి ధబీమని పడే ఇనుప రేకు. కట్టిన గోడ మళ్లీ పగిలింది. ఆపరేటరు కొండప్ప ఆ గదిని చూసి, "నన్ను ఆపరేటరుగా పెట్టుకున్నావా, జైల్లో పెట్టినావా?" అన్నాడు.

మూడో దెబ్బ ఇదీ. హాలు పక్కన పొడుగునా పది అడుగుల వెడల్పు సందు వదలాలి. ఆ సందులోకి నాలుగు వాకిళ్లు తెరుచుకోవాలి. సందులో పూచికపుల్ల అడ్డం ఉండకూడదు.

సందుకు చోటు యాడిది? పడమట పక్కవాళ్ల గోడ ఆనుకుని ఉంది. తూర్పున ఆదిలక్ష్మమ్మ పెరడు.

ఆదిలక్ష్మమ్మకు రెండు మగ్గాలు, ఒక నోరు. మగ్గాలు పగలు మాత్రమే ఆడేవి. గోవిందరాజులు ఆమె గడపలో కూర్చుని సంగతంతా చెప్పాడు. ఆమె పట్టు పోగులు పోస్తున్న ఆసు నుంచి చూపు తిప్పకుండా వింది.

"పెరడు ఇస్తాలే. కానీ పగలు ఆ సందు నాది."

"నీకెందుకక్కా సందు?"

"పడుగు సాగదీసేకి. బజారులో సాగదీద్దామంటే బొగ్గుతో నడిచే బస్సులొచ్చినాయి గదా. నిన్న ముదిగుబ్బ బస్సు హారను కొట్టుకుంటా వచ్చి, తడి పడుగు మీద మసంతా చల్లిపోయింది. నీ సందు నిటారుగా ఉంటాది. దుమ్ముండదు, బస్సు రాదు. దేవుడు పడుగు కోసమే రూలు రాసినట్టుండాది."

గోవిందరాజులు ఆలోచించాడు. పడుగు, అంటే చీర నిలువు పోగులు సాగదీసి గంజి పట్టించడం, పగటి పని. ఆట రాత్రి పని. ఒకదానికొకటి తగలవు. మగ్గం మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాడు. నేతపని ఇళ్లలో ఆ ఒట్టు తప్పినవాడికి ఇంకో ఇంట్లో మంచినీళ్లు కూడా పుట్టవు.

అలా టాకీసు పూర్తయింది. ఇక కావలసింది లైసెన్సు. పెనుకొండలో మకాం వేసిన ఇంజనీరు ఒకాయన వచ్చి చూసి, సరే అంటే ఆట. కాదంటే, అంగడి అమ్మి కట్టిన ఆ గోడలు గొర్రెల దొడ్డికి తప్ప పనికిరావు. ఆయన కబురు పంపాడు. శుక్రవారం పొద్దున రైలుబండికి వస్తాను, హాలు నిండా జనం ఉండాలి, ఆట నడుస్తుండగా నేను గంట కొట్టిస్తాను, అందరూ ఎలా బయటికొస్తారో చూస్తాను అని.

ఉచితంగా సినిమా అనేసరికి ఊరు ఊరంతా మగ్గాలు దిగింది. గోవిందరాజులు ముందురోజే ఆదిలక్ష్మమ్మ దగ్గరికి పోయాడు.

"ఈ ఒక్క పూట సందు ఇడిసిపెట్టక్కా."

"పొద్దున బండికే గదా వచ్చేది? పొద్దున నీది. మధ్యాహ్నం నుంచి నాది. పెండ్లిచీరల పడుగు, ఆపేకి ల్యా."

పొద్దున బండి వచ్చింది. ఇంజనీరు రాలేదు. జనం ఆకలేసి ఇళ్లకు పోయి, తిని, మళ్లీ వచ్చి కూర్చున్నారు. పొద్దు నడినెత్తి దాటాక ఆదిలక్ష్మమ్మ "ఇంక రాడులే నీ దొర" అని, కోడళ్లను వెంటేసుకుని సందులో కర్రలు నాటించింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా నడుమెత్తున పట్టు పడుగు సాగింది. ఎర్రటి పట్టు. గంజి పట్టించి, కుంచెతో దువ్వుతూ ఉండగా బజారులో హారను మోగింది.

బండి తప్పిపోయిన ఇంజనీరు బొగ్గు బస్సెక్కి వచ్చాడు. తెల్ల సూటు సగం నల్లబడింది. మొహం కూడా అంతే. ఆ కోపంలో ఆయన పక్కలు చూడలేదు, ముందు వాకిలి గుండా నేరుగా లోపలికి పోయాడు.

గోవిందరాజులు సందులోకి పరిగెత్తాడు.

"అక్కా, చుట్టేయ్! నీ కాళ్లు పట్టుకుంటా!"

"తడి మీద చుడితే పోగుకు పోగు అతుక్కుంటాది. చిక్కులు తీసేకి నువ్వొస్తావా?"

"ఆయప్ప చూసినాడంటే నా లైసెన్సు పోతాది!"

"నా పడుగు పోతే పెండ్లికూతురు పాత చీర కట్టుకుంటాదా? నువ్వు మగ్గం మీద చెయ్యి పెట్టినావా, ల్యాదా?"

ఇంజనీరు మనసు మారి ముందు వాకిలి ఒక్కటే చూసి పోతే బాగుండునని గోవిందరాజులు కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నాడు. లోపల దీపాలార్పారు. బొమ్మ పడింది. ఇంజనీరు కాసేపు చూసి, గంట కొట్టే ముందు బయట నిలబడి గమనిద్దామని సందు మొగదలకు నడిచాడు. గోవిందరాజులు ఆయనకన్నా ముందు అక్కడికి చేరి, తన ఒళ్లు అడ్డం పెట్టి పడుగును దాచేందుకు చూశాడు. తానేమో బక్కపలచన. పడుగు సందంత పొడవు.

గంట కొట్టాల్సిన పని పడలేదు.

మిషను గదిలో రీలు తెగి, దీపం వేడికి భగ్గుమంది. ఇనుప రేకు ధబీమని పడింది. తెర నల్లబడింది. కొండప్ప బయటి మెట్ల మీద నుంచి సగం కాలిన మీసంతో దిగుతూ "నిప్పు! నిప్పు!" అని అరిచాడు. ఆ అరుపు హాల్లోకి పోయి వందల గొంతులై తిరిగొచ్చింది. బెంచీలు విరిగిన చప్పుడు. నాలుగు వాకిళ్ల తలుపులూ ఒక్కసారిగా బయటికి తెరుచుకున్నాయి. తలుపు రెక్కలు పడుగుకు జానెడు దూరంలో ఆగాయి. అంటే ఏ వాకిట్లో నుంచి వచ్చినవాడికైనా రెండు పక్కలా తలుపు రెక్కలు, ఎదురుగా పడుగు. ఇంకో దారి లేదు.

"తెంపేయ్ అక్కా! జనం చస్తారు, తెంపేయ్!" గోవిందరాజులు గొంతు చిరిగేలా అరిచాడు. ఆదిలక్ష్మమ్మ చేతిలో కుంచె ఉంది. అది పట్టును దువ్వడానికే గానీ తెంపడానికి పనికిరాదు.

మొదటి వాకిట్లో నుంచి దూసుకొచ్చినవాడు నరసప్ప. మనిషి దున్నపోతులా ఉంటాడు, వెనక యాభై మంది తోస్తున్నారు. ఎర్రటి పట్టు కంటబడగానే గోడకు గుద్దుకున్నట్టు నిలబడిపోయాడు. రెండు చేతులూ వాకిలి చట్రానికి అడ్డం పెట్టి, వెనకవాళ్లను వీపుతో ఆపాడు.

"పడుగు! పడుగుండాది! నిదానం!"

ధర్మవరంలో పుట్టినవాడు పామును దాటుతాడు, పడుగును దాటడు. దాని మీదుగా కాలు వేస్తే ఆ ఇంట్లో మగ్గం ఆగిపోతుందని పెద్దల మాట. కింద నుంచి పోవచ్చు. అదీ చెప్పులు చేతబట్టుకుని, తలపాగా తీసి, వీపు పట్టుకు తగలకుండా వంగి. నరసప్ప చెప్పులు విడిచాడు, వంగాడు, అవతలకు పోయి లేచాడు. వెనకవాడూ అంతే. ఆ వెనకవాడూ అంతే. హాలు లోపల "నిప్పు, నిప్పు" అన్న అరుపు వాకిలి దగ్గర నుంచి వెనక బెంచీల దాకా "పడుగు, పడుగు" అని మారిపోయింది. ఆడవాళ్లు పిల్లల తలలు వంచి పట్టుకున్నారు. నంబులపూలకుంట నుంచి గొర్రెలు తోలుకొచ్చిన లింగప్ప సంగతి తెలియక కాలెత్తబోతే, ఇద్దరు అతని మెడ పట్టుకుని కిందికి వంచారు.

"నిప్పంటుకుంటే మెడలు పట్టుకుంటారేమబ్బా!"

"నువ్వు కాలితే ఒక్కనివి. ఇది తెగితే రెండు చీరలు. వంగు!"

గోవిందరాజులు జనాన్ని లెక్కచేయకుండా లోపలికి పరిగెత్తాడు, ఎవరైనా మిగిలారేమోనని. పోతూ పోతూ తానూ చెప్పులు విడిచి, వంగి పోయిన సంగతి తర్వాత గానీ అతనికి తెలియలేదు. హాలు ఖాళీగా ఉంది. మిషను గదిలో రీలు తనను తాను తినేసి చల్లారింది. రాతి గోడలు దాన్ని బయటికి రానివ్వలేదు. ఎవరి కాలి గోరూ ఊడలేదు. పడుగులో ఒక్క పోగు తెగలేదు.

బయటికి వచ్చేసరికి ఇంజనీరు పడుగు ముందు నిలబడి ఉన్నాడు. అయిపోయింది, అనుకున్నాడు గోవిందరాజులు. గొర్రెల దొడ్డి కళ్లముందు మెదిలింది.

"మొన్న హిందూపురంలో ఉత్తుత్తి గంటకే ముగ్గురి కాళ్లు విరిగాయి" అన్నాడు ఇంజనీరు. ఆయన గొంతు మెత్తబడింది. "ఇక్కడ నిజంగా అంటుకుంది. అయినా దేవుడి ముందర నడిచినట్టు నడిచారు! ఈ అడ్డు పెట్టాలన్న ఆలోచన ఎవరిది?"

నిజం చెబితే, ఖాళీగా ఉండాల్సిన సందులో అడ్డం ఉంచినందుకు లైసెన్సు పోతుంది. అబద్ధం చెప్పేందుకు నోరు రాలేదు. గోవిందరాజులు ఆదిలక్ష్మమ్మ వైపు చూశాడు.

"నాది" అంది ఆదిలక్ష్మమ్మ.

"దీని పని ఏమిటమ్మా?"

"దాన్ని దాటకూడదు సామీ. తల వంచి కింద నుంచే పోవల్ల."

"అందువల్ల ఎవరూ తోసుకోరు, ఒక్కొక్కరే వస్తారు!" ఇంజనీరు మిగతాది తానే పూర్తి చేశాడు. "భేష్. గట్టిగా ఉంటుందా?"

"పెండ్లికూతురు కట్టేంత గట్టి."

ఆయన తల ఊపి, సందు వెడల్పు, పడుగు ఎత్తు కొలిచి రాసుకుని పోయాడు. వారం తిరక్కుండా లైసెన్సు వచ్చింది. పుష్పావతి దాన్ని లక్ష్మి పటం పక్కన పెట్టింది. టాకీసు రాత్రిపూట నిండుతోంది, సందు పగటిపూట నిండుతోంది. నాలుగైదు నెలలు అందరూ సుఖంగా ఉన్నారు.

అప్పుడు రూల్సు మళ్లీ మారాయి.

ఇకమీదట చుట్టుపక్కల ప్రతి టాకీసులోనూ, బయటికి పోయే వాకిలి ఎదుట, ఇనుప కంబాలు పాతి, నడుమెత్తున గట్టి మోకుతాడు కట్టాలి. జనం క్రమంగా బయటికి పోవడానికి ఇది మిక్కిలి ఉపయోగమని ధర్మవరంలో రుజువైంది. మోకును ఎన్నడూ విప్పరాదు. సందులో మరే దారమూ, తాడూ కట్టరాదు.

హిందూపురంలో మొదటి రాత్రే జనం మోకును దూకి నలుగురు బోర్లా పడ్డారట. పెనుకొండలో ఆ మోకును ఎవరో విప్పుకుపోయి ఎద్దుకు కట్టుకుంటున్నారని అంజనప్ప చెప్పాడు. ధర్మవరంలోనూ ఆట వదలగానే నరసప్ప అందరికన్నా ముందు వచ్చి, చెప్పులతోనే మోకు మీదుగా ఒక్క గంతు వేశాడు. మోకుకు వంగేదెవరు?

గోవిందరాజులు కంబాలు పాతించిన మర్నాడే ఆదిలక్ష్మమ్మ వచ్చి నిలబడింది.

"నువ్వు చెయ్యి పెట్టిన మగ్గం ఇంకా ఆడ్నే ఉండాదప్పా."

"సందులో దారం కట్టకూడదంట, ఏం చేసేదక్కా? నీ పుణ్యమే ఇది. ఆ రోజు 'నాది' అన్నావు!"

"అనకుంటే నీకు లైసెన్సు యాడిది?" ఆమె ముందు వాకిట్లో నుంచి లోపలికి తొంగిచూసింది. నిటారుగా, పొడుగ్గా, దుమ్ము లేకుండా ఉన్న హాలు. "సందులో వద్దన్నారు. లోపల వద్దన్నారా?"

అనలేదు. ఎంత వెతికినా ఆ మాట ఏ రూలులోనూ లేదు.

అప్పటి నుంచి పొద్దున్నే బెంచీలు గోడకు చేరతాయి. తెర కింద నుంచి మిషను గది గోడ దాకా పడుగు సాగుతుంది. ఒకనాడు గోవిందరాజులు కాయితం ముక్క పట్టుకుని ఆదరాబాదరా వచ్చాడు.

"అక్కా, కొంప మునిగింది! రేపు పొద్దున్నే ఇంజనీరు వస్తాండాడు, లైసెన్సు తిరిగి రాసేకి. బెంచీలన్నీ గోడకేసినావేమని అడిగితే ఏం చెప్పల్ల?"

"అదీ నా ఆలోచనే అని చెప్పు" అంది ఆదిలక్ష్మమ్మ కుంచె ఆపకుండా.

అలా చెబితే ఆయన కొలుచుకుని, రాసుకుని పోతాడు. వచ్చే ఏటికి హిందూపురంలో, పెనుకొండలో జనం నేల మీద కూర్చుని సినిమా చూడాలి. గోవిందరాజులు ఆ మాట చెబుదామని పడుగు అవతలకు పోబోయాడు.

"చెప్పులు!" అంది ఆదిలక్ష్మమ్మ.

గోవిందరాజులు చెప్పులు విడిచి, తన టాకీసులో తానే తల వంచాడు.