మిరపకాయల సాక్ష్యం

మెచ్చుకుంటే పిల్లలకి బలం వస్తుందని నేను బీఎడ్‌లో చదువుకున్నాను. మెచ్చుకుంటే పిల్లలు దిష్టి తగిలి పడిపోతారని మా పొరుగు పార్వతి అత్తగారు సరోజగారు ఎక్కడ చదువుకున్నారో తెలియదు గాని, బోటనీ డౌన్స్ అనే ఈ పరాయి ఊళ్ళో మాకున్న నాలుగు తెలుగిళ్ళలోనూ ఆవిడ చదువే చెల్లింది.

అది రెండువేల ఆరు చలికాలం. పార్వతి కూతురు కీర్తనకి ఆ ఏడు ఇంగ్లిషులో ఒక పాత నాటకం పాఠంగా వచ్చింది. ఎప్పుడో అమెరికాలో, మహా దైవభక్తులు కాపురమున్న ఒక ఊళ్ళో, మంత్రగత్తెలంటూ పొరుగువాళ్ళనే పట్టి ఉరితీసిన కథ. తమ తప్పు ఎక్కడ బయటపడుతుందోనని కొందరు ఆడపిల్లలు విరుచుకు పడిపోయి, ఫలానా ఆవిడ మమ్మల్ని పీడిస్తోందని వేలు చూపిస్తారు. ఒప్పుకుని ఇంకొకరి పేరు చెప్పినవాళ్ళు బతికిపోతారు. ఒప్పుకోనివాళ్ళకి ఉరి. గుంటూరులో లెక్చరర్‌గా ఉన్నప్పుడు నేను ఏటేటా చెప్పిన పాఠమే. అందుకని కీర్తన శనివారాలు మా ఇంటికి వచ్చి చెప్పించుకునేది.

మా ఆయన కాంట్రాక్టు ఉద్యోగమంటూ వెల్లింగ్టన్‌లో ఉండిపోయారు. నెలకోసారి వస్తే గొప్ప. ఆ పిల్ల రాకా, ఈ నాలుగిళ్ళ పలకరింపూ తప్ప ఈ దేశంలో నాకు వేరే దిక్కు లేదు. అవి పోతాయంటే నాకు భయమే. దాచుకోవడం దేనికి?

ఒక శనివారం కీర్తన ఆ వేలు చూపించే పిల్ల మాటలు పైకి చదివింది. చదువుతూ చదువుతూ నా వెనక గోడవైపు చూసి ఆగిపోయింది. నేనూ వెనక్కి తిరిగి చూశాను. గోడ తప్ప ఏమీ లేదు. అయినా ఒళ్ళు జలదరించింది.

"నీలా చదివే పిల్లని నేనింతవరకూ చూళ్ళేదే," అన్నాను. నోరు జారడమంటే అదే.

సోమవారం క్లాసులో అందరి ముందూ అదే చదవాలి. కీర్తన లేచి నిలబడింది, మాట పడిపోయింది, అక్కడికక్కడే కూలిపోయింది. డాక్టరు అన్నీ చూసి ఏ జబ్బూ లేదన్నాడు. పిల్ల మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా, తిండి ముట్టకుండా పడుకుంది. నలుగురిలో నిలబడాలంటే దానికి చచ్చేంత భయమని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? నిన్నెవరు మెచ్చుకున్నారే అని నానమ్మ అడిగితే, అప్పుడు మాత్రం నోరు తెరిచి, "ఆశా ఆంటీ," అందట.

ఆ వారాంతంలో పార్వతి ఫోన్ చేసింది. "ఒకసారి వచ్చిపో అక్కా, పిల్ల నిన్ను చూస్తానంటోంది."

సందెవేళకి వెళ్ళాను. గుమ్మంలోనే పార్వతి నా శాలువా అంచు పట్టుకుని, "పోగు లేచిందక్కా," అంటూ ఒక దారం లాగేసింది. లోపల కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. కీర్తన సోఫాలో కూర్చుని ఉంది, పక్కన పక్కింటి ఉషశ్రీ. సరోజగారు ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి, అందులో నా పోగు పెట్టి, పిల్ల చుట్టూ తిప్పడం మొదలుపెట్టారు.

"నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందన్నారు. నిన్నని కాదమ్మా," అన్నారు నాతో. నన్నని కాకపోతే నా పోగు అక్కడెందుకో.

పద్ధతి నాకూ తెలుసు. మిరపకాయలు కాలి ఘాటెత్తితే దిష్టి లేనట్టు. ఘాటు రాకపోతే ఉన్నట్టు, ఎవరి పోగు వేశారో వాళ్ళదే ఆ కన్ను. నేను నిశ్చింతగా కూర్చున్నాను. మిరపకాయ మా గుంటూరుది, నా మీద సాక్ష్యం చెప్పదనుకున్నాను.

కాలిన పెనం మీద వేయగానే అవి చిటపటలాడి నల్లబడ్డాయి. పొగ హాలంతా కమ్ముకుంది. నా గొంతు భగ్గుమంది. నేనే ముందు దగ్గితే గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టుంటుందని ఆపుకున్నాను. ఎవరో ఒకరు దగ్గుతారు కదా.

ఎవరూ దగ్గలేదు.

"ఘాటు రావట్లేదే," అన్నారు సరోజగారు. ఆవిడ కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"నాకూ రావట్లేదు పిన్నిగారూ," అంది ఉషశ్రీ, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. పార్వతి గొంతు కదలడం చూశాను. దగ్గుని మింగుతోంది.

ఇంటి కప్పుకి ఉన్న పొగ అలారం కెవ్వుమంది. ఆ ఇంట్లో నిజం చెప్పింది అదొక్కటే. పార్వతి మొగుడు విజయకుమార్ లోపల్నించి చీపురుకట్ట తెచ్చి దాన్ని ఒక్కటి వేశాడు. అది నోరు మూసుకుంది. "పోపు వేసినా ఇంతే ఇది," అని ముక్కు తుడుచుకుంటూ, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు.

నాకు అప్పుడు భయం వేసింది. వాళ్ళు అబద్ధమాడుతున్నట్టు లేదు. నమ్ముతున్నట్టుంది.

"నీకేమైనా వస్తోందా కీర్తనా?" అంది పార్వతి.

నేను ఆశగా పిల్లవైపు చూశాను. అది ఎర్రబడ్డ కళ్ళతో నన్నే చూస్తూ తల అడ్డంగా ఊపింది.

"నీకో అక్కా?"

వస్తోందంటే వీళ్ళందర్నీ అబద్ధాలకోరులన్నట్టు. రేపటినుంచి నా గుమ్మం ఎవరూ తొక్కరు.

"రావట్లేదు," అన్నాను.

అంతే, అందరి మొహాలూ తేటపడ్డాయి. పార్వతి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. కీర్తన నెమ్మదిగా, "అమ్మా, ఆకలేస్తోంది," అంది.

"నీ తప్పు కాదులేమ్మా," అన్నారు సరోజగారు, కన్నతల్లిలా. "నీ కంటికి ముందు ఆ గుణం లేదు. ఎవరో అంటించారు. ఈ మధ్య మీ ఇంటికి ఎవరొస్తున్నారు?"

"టౌరంగా నుంచి కొత్తగా వచ్చినావిడ లేదూ, సుభద్ర?" అంది ఉషశ్రీ. "మొగుడు పోయినావిడ. వీళ్ళింటికి తెగ తిరుగుతోందిగా."

"ఆవిడేనా?" అన్నారు సరోజగారు.

అందరూ నావైపు వంగారు. పొగ ఇంకా అలాగే ఉంది. ఊఁ అంటే చాలు. సుభద్రకి ఈ ఊళ్ళో నాకున్నంత దిక్కు కూడా లేదు. నోటిదాకా వచ్చిన ఊఁ మింగేసి, ఇంతసేపూ మింగినదాన్ని వదిలేశాను. దగ్గాను. మొదలయ్యాక ఇక ఆగలేదు.

"ఘాటుగా ఉంది పిన్నిగారూ," అన్నాను, ఊపిరి అందినప్పుడు. "మొదట్నించీ ఉంది. సుభద్రకీ నాకూ ఏ పాపమూ తెలీదు."

పార్వతి తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"చూశారా, ఈవిడకి మాత్రమే వస్తోంది," అంది ఉషశ్రీ మెల్లగా.

నేను దగ్గుతూనే ఉన్నాను. వాళ్ళు చెంపలు తడుస్తున్నా తుడుచుకోకుండా, కదలకుండా నన్నే చూస్తున్నారు.

కీర్తన లేచింది. నావైపు రాలేదు. పెరటివైపు గాజు తలుపు దగ్గరికి నడిచి, గడియ తీసి, పక్కకి లాగింది. చలిగాలి లోపలికి కొట్టింది.

"ఎందుకే తలుపు తీశావ్? ఘాటేమీ లేదుగా," అంది పార్వతి.

కీర్తన తలుపు పట్టుకుని చీకట్లోకి వంగి దగ్గడం మొదలుపెట్టింది.