నెమేసియా చేతి నీళ్ళు

పొద్దున ఏడింటికి నెమేసియా నీటి పరీక్షల గదికొచ్చి, ముందు కుర్చీ కింద బక్కెట్టు పెట్టుకుంటుంది. ఆ తర్వాతే పని. కూతురు ఇల్డా జ్వరంతో పోయిన రోజు నుంచి ఆమె అరచేతుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, ఎడతెరిపి లేకుండా. గది ఊడ్చే సబీనా మధ్యాహ్నం వచ్చి బక్కెట్టు మారుస్తుంది.

"ఇవాళ ధార పెరిగిందే అమ్మాయ్. పెద్దది తేనా?"

"తే పిన్నీ."

అంతే. ఏడుపు లేదు. ఎవరైనా అరటికాయ ఉడకేసి పెడితే తింటుంది, లేకపోతే లేదు.

పెరూ దేశపు ఇకితోస్‌లో, ఇతాయా నది ఒడ్డున నెమేసియా, సబీనా ఉండే వీధికంతా ఒకటే ట్యాంకు. ఆ నీళ్ళు వారంవారం పరీక్షకొస్తాయి. చుక్కని క్రిములు పెరిగే ప్లేటు మీద గీసి, ముప్పై ఏడు డిగ్రీల పెట్టెలో రెండు రోజులుంచుతారు. ఏమీ మొలవకపోతే ప్లేటు చెత్తబుట్టలోకి, 'శుభ్రం' అన్న కాగితం పై అధికారుల దగ్గరికి. కాగితం కింద సంతకం నెమేసియాది. ఇల్డాకి జ్వరం తగిలిన వారం కూడా ఆమెదే.

వీధిలో మళ్ళీ జ్వరాలు మొదలయ్యాయి. ట్యాంకుకి తాళం పడింది. అది తీయాలంటే ఆ సంతకం కావాలి.

"రెండు రోజుల్లో మొలవనిది లేనట్టే. పెట్టెయ్ సంతకం," అన్నాడు ఆ గదికి పెద్ద డాక్టర్ పండూరో.

సబీనా చీపురు ఆగింది. "నా మనవరాలు మెలీటాకి ఇది నాలుగో రోజు డాక్టరుగారూ. ఒళ్ళు పెనంలా ఉంది. లేనిది దాన్నెలా కాల్చేస్తోందయ్యా?"

డాక్టరు కాగితాన్ని నెమేసియా ముందుకి జరిపాడు.

నెమేసియా తన చేతులు చూసుకుంది. వాటిలోంచి కారేవి ఇల్డా తాగిన నీళ్ళే. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు, పరీక్షించాలని ఒక్కరికీ తోచలేదు. చదువుకున్న బుర్రలు మరి, సీసాలో వస్తేనే నీళ్ళు! అరచేతి చుక్క ఒక ప్లేటు మీద గీసింది. ట్యాంకు నీళ్ళు ఇంకోదాని మీద, సబీనా తెచ్చిన మెలీటా నెత్తురు మూడోదాని మీద. తన చేతులెప్పుడూ నదంత చల్లన, ఆ నీళ్ళలోది చల్లటిచోటే మొలుస్తుందేమోనని పెట్టె జోలికి పోకుండా మూడింటినీ కిటికీ గట్టు మీద పెట్టింది. సంతకం పెట్టలేదు.

వీధి ఆడవాళ్ళు ఖాళీ డబ్బాలు మోసుకొచ్చారు. "మహారాణిగారి సంతకం దొరకదటమ్మా! మమ్మల్ని నదిలో దూకి తాగమంటుందో ఏమో!"

ఉద్యోగం పోతుందన్నాడు డాక్టరు.

"పోనివ్వండి," అంది.

తొమ్మిదో రోజున మూడు ప్లేట్ల మీదా గసగసాలంత ఊదా చుక్కలు మొలిచాయి. ఏ మందు పక్కన ఆ చుక్కలు చస్తాయో చూడ్డానికి ఇంకో వారం. ఆ మందు ఎక్కించాక, పుల్లలా చిక్కిపోయిన మెలీటా లేచి కూర్చుని చేప పులుసు అడిగింది. ట్యాంకు పగలగొట్టారు.

ఆ చుక్కల్లోని క్రిమికి రంగులద్ది చూశారు, ఏ చక్కెర తింటుందో చూశారు, జన్యువులు చదివించారు. తెలిసిన ఏ జాతితోనూ కలవలేదు. కొత్త జాతి అనిపించుకోవాలంటే దానికో పేరుండాలి, అది బతికున్న గాజు గొట్టాలు రెండు దేశాల్లో భద్రంగా ఉండాలి.

"మా ప్రొఫెసరుగారి పేరు పెడదాం," అన్నాడు డాక్టరు.

"ఆయన ఈ నీళ్ళు తాగాడా?"

డాక్టరు కలం ఆమె చేతికిచ్చాడు. గొట్టాల మీద ఇల్డా అని రాసింది. తడికి అలుక్కుపోతే మళ్ళీ రాసింది. రెండో గొట్టానికి మూత బిగించేసరికి చేతులు ఆరిపోయాయి.

మధ్యాహ్నం సబీనా వచ్చి బక్కెట్లోకి తొంగి చూసింది. "చుక్క లేదు. తీసెయ్యనా అమ్మాయ్?"

"ఉండనీ పిన్నీ."

బక్కెట్టు మీద రెండు అరచేతులూ చాపి, సాయంత్రం దాకా అలాగే కూర్చుంది.