కుర్చీల్లో కూర్చున్న బట్టలు

చిట్టి అంటే ఏ పసివాడో అనుకునేరు. నలభై దాటిన మనిషి. తల వంచకపోతే గుమ్మం తగులుతుంది, మీసాలు చూస్తే ఏడ్చే పిల్లలు టక్కున ఊరుకుంటారు. అయినా వాళ్ళ పెద్దమ్మకి చిట్టే. ఆవిడ రోజంతా లోపలి గదిలోంచి కేకేస్తూ ఉంటే వీధికీ చిట్టే అయిపోయాడు. లాండ్రీ బోర్డు మీద ఏదో గొప్ప పేరుంది గానీ, బట్టలిచ్చేవాళ్ళంతా "చిట్టి కొట్టు" అనే అంటారు.

పురిట్లోనే తల్లి పోతే అతన్ని ఎత్తుకుని పెంచింది ఈ పెద్దమ్మే. పిల్లల్లేని పెద్దమ్మా పెదనాన్నా కళ్ళల్లో పెట్టుకుని చూసుకున్నారు. వాళ్ళు కతోలికులు. పొద్దున జపమాల, సాయంత్రం జపమాల, ఆదివారం పూజ. చిన్నప్పుడు చిట్టి కూడా తెల్ల అంగీ తొడుక్కుని ఫాదర్ పక్కన గంట కొట్టినవాడే. పెళ్ళయ్యాక భార్య వెళ్ళే సభకి ఊరికే తోడు వెళ్ళాడు. అక్కడి పాస్టరుగారి మాటలకి పడిపోయాడు, నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకున్నాడు. భార్య పుట్టినప్పట్నుంచీ ఆ సభే కాబట్టి ఆవిడకి హడావిడి లేదు. కొత్తగా చేరిన ఇతనికే కాలు నిలవలేదు.

ఆ సభలో ఎప్పుడూ రాకడ మాటే. ప్రభువు ఏ క్షణాన వస్తాడో తెలీదు, నమ్మినవాళ్ళు రెప్పపాటులో ఎత్తబడతారు, మిగిలినవాళ్ళు మృగం చేతిలో పడతారు. ఆ మృగం పోపుగారేనని పాస్టరుగారి లెక్క. చిట్టి కౌంటరు పైన ఓ పటం కూడా తగిలించాడు. ఆకాశంలోకి లేచిపోతున్న మనుషులు, కింద కుర్చీల్లో వాళ్ళు వదిలేసిపోయిన బట్టలు.

"మీవాళ్ళు బట్టల్లేకుండానే పోతారేంట్రా పైకి? సిగ్గులేదూ?" అంది పెద్దమ్మ మొదటిసారి దాన్ని చూసి.

"అక్కడ మహిమ వస్త్రాలు ఇస్తారు పెద్దమ్మా."

"ఇస్త్రీ చేసినవేనా?"

చొక్కాల కోసం వచ్చిన కస్టమరు పొట్ట పట్టుకుని నవ్వాడు. చిట్టికి ఒళ్ళు మండిపోయింది.

ఇంట్లో రోజూ ఇదే గోల. మరియమ్మకి మొక్కమని ఏ వచనంలో ఉందని ఇతను. పెదనాన్నతో పనిపడితే నా కొంగు పట్టుకుని తిరిగినవాడివి నువ్వు చెప్పొచ్చావా అని ఆవిడ. పోయినవాళ్ళ కోసం ప్రార్థన దండగని ఇతను. నా మొగుడి కోసం నేను చేసుకుంటే నీకేం నొప్పని ఆవిడ.

"ఫాదర్ దగ్గర మోకరించి పాపాలు చెప్పుకోవడమేంటి పెద్దమ్మా? ఆయనా మనిషేగా. నేరుగా దేవుడికే చెప్పుకోవచ్చు."

"చెప్పుకో. దేవుడైతే నీ మొహం చూసి ఎదురు ప్రశ్న వెయ్యడు, హాయి."

ఇక్కడ ఆ కొట్టు పద్ధతి ఒకటి చెప్పాలి. వెనకటికి ఎవరి కోటో ఎవరి ప్యాంటుతోనో జతకట్టి వెళ్ళిపోయింది. కోటు మనిషి భారీ లాయరు, ప్యాంటు మనిషి ఆయనలో సగం. ఆరోజు ఇద్దరి చేతా తిన్న తిట్లకి చిట్టికి బుద్ధొచ్చింది. అప్పట్నుంచీ ఒక్కొక్కరి బట్టల్ని ఒక్కో కుర్చీలో పెడతాడు. కుర్చీ వీపుకి చొక్కా, సీట్లో ప్యాంటు, కింద మేజోళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు గదిలోకి తొంగిచూసి, మనుషులు కూర్చున్నారనుకుని నమస్కారం పెట్టిన రోజులూ ఉన్నాయి.

ఆరోజు పొద్దున్నే గొడవ మొదలైంది. సభవాళ్ళు ఇద్దరు బట్టలకి వచ్చారు. వాళ్ళ ముందే పెద్దమ్మ నోరు విప్పింది. పోయినేడు వానాకాలం లోపే రాకడ అన్నారట, ఇంక బడెందుకని మావాడు కూతురికి పుస్తకాలే కొనలేదట, వానలు వచ్చాయి, వెలిశాయి, పిల్లేమో పక్కపిల్ల పుస్తకంలోకి మెడ సాచి సాచి చదువుకుందట. వచ్చినవాళ్ళు నవ్వు ఆపుకోలేక తలలు తిప్పుకున్నారు. చిట్టికి తల కొట్టేసినట్టయింది.

"నువ్వు మిగిలిపోయే రోజు తెలుస్తుందిలే! అప్పుడు ఆ పూసలు పట్టుకుని కూర్చో, ఎవరొస్తారో చూద్దాం!" అని అరిచాడు.

పెద్దమ్మ జపమాల కొంగున ముడేసుకుని గుడికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం చిట్టి డాబా మీద హోటలు దుప్పట్లు తీస్తున్నాడు. బడినుంచి వచ్చిన కూతురు పాలు తాగుతూ తాగుతూ కడుపునొప్పని మెలికలు తిరిగింది. భార్య ఇస్త్రీ సగంలో వదిలేసి, "డాక్టరు దగ్గరికి పోతున్నాం!" అని మెట్ల కిందనుంచి కేకేసి, పిల్లని ఆటో ఎక్కించుకుని పోయింది. గ్లాసులో పాలు అలాగే, గది మధ్యలో బడిసంచి అలాగే, బల్లమీద సగం ఇస్త్రీ అయిన చొక్కా అలాగే ఉన్నాయి.

పెద్దమ్మ అప్పుడొచ్చింది. పైనున్న చిట్టికి గేటు చప్పుడు వినపడింది.

"అమ్మాయ్!" అని పిలిచింది కోడల్ని. కాసేపాగి, "బంగారూ!" అంది మనవరాల్ని. చిట్టి దుప్పటి వెనక నిలబడి వింటున్నాడు. ఆవిడ గదులన్నీ తిరుగుతున్న చప్పుడు. తర్వాత అతని వంతు వచ్చింది.

"చిట్టీ!"

ఆ, అనబోయాడు. పొద్దున వాళ్ళ నవ్వు మొహాలు గుర్తొచ్చాయి. కాస్త భయపడనీ, ఏం పోయింది అనుకున్నాడు. పెదవుల మీద నవ్వు కూడా వచ్చింది.

"చిట్టీ!" ఈసారి గొంతు పైకి లేచింది.

అతను పలకలేదు.

"చిట్టీ..." మూడోసారి అది పిలుపులా లేదు. అయినా నోరు పెగల్లేదు. ఇప్పుడు పలికితే ఇందాక ఎందుకు పలకలేదంటుందిగా. అప్పుడే చినుకులు పడ్డాయనీ, దుప్పట్లు తడిసిపోతాయని ఆ కంగారులో ఉన్నాననీ తర్వాత తనకి తాను చెప్పుకున్నాడు. అదంతా వట్టి సాకు. దుప్పట్లు అతను తీరిగ్గానే మడిచాడు.

దిగి వచ్చేసరికి పెద్దమ్మ కుర్చీల మధ్య నేల మీద కూలబడి ఉంది. లాయరుగారి చొక్కా చెయ్యి పట్టుకుని, దాన్ని చెంపకి ఆనించుకుని ఉంది. జపమాల తెగి పూసలు గదంతా దొర్లాయి. అది దానంతటది తెగిందా, తెంపేసిందా అన్నది ఇప్పటికీ అతను అడగలేదు. అతన్ని చూసి ఆవిడ లేవబోయి లేవలేక, మోకాళ్ళ మీద పాకుతూ వచ్చి, రెండు చేతులా మొహం తడిమింది.

"అయ్యో చిట్టీ! నిన్ను కూడా వదిలేశారా నాయనా?"

తను మిగిలిపోయానని కాదు, వీడు మిగిలిపోయాడని ఏడుస్తోంది ముసలిది! పిల్లకి కడుపునొప్పని, డాక్టరు దగ్గరికి వెళ్ళారని ఎలాగో చెప్పాడు.

"మరి నేను పిలిచానే. ఎక్కడున్నావు?"

"నీళ్ళ మోటారు చప్పుడులో వినపడలేదు పెద్దమ్మా."

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో అతనికే ఆశ్చర్యం వేసింది. పూసలన్నీ ఏరి, ఊడిన బొత్తాలు వేసుకునే డబ్బాలో పోశాడు.

ఆ సాయంత్రం పెద్దమ్మ అన్నం ముందు కూర్చుని, "మీ సభలో నన్ను కూడా ముంచమని చెప్పరా" అంది. "ఈసారికి నిజం కాదు కాబట్టి సరిపోయింది. నిజంగా వస్తే ఆ ఖాళీ ఇల్లు నేను ఇంకోసారి చూడలేను."

ఎన్నేళ్ళుగా చిట్టి కోరుకున్న మాట అది. విని, సగం అన్నం వదిలేసి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

సభంతా సంబరపడింది. "బ్రదర్, మీ కన్నీటి ప్రార్థన ఫలించింది" అని వచ్చి కౌగిలించుకున్నారు. వచ్చే ఆదివారమే బాప్తిస్మం, పెద్దమ్మ సాక్ష్యం చెబుతుంది, ఖాళీ ఇంటి కథ అందరూ వినాలి. ఆరోజు పొద్దున నవ్విన ఆ ఇద్దరే ఇప్పుడు చేతులు పట్టుకుని వదల్లేదు.

పెద్దమ్మ మటుకు నవ్వడం మానేసింది. సాయంత్రం జపమాల వేళకి చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఏం చెయ్యాలో తెలీనట్టు వేళ్ళు నలుపుకుంటూ కూర్చునేది. ఒకరోజు తనలో తాను అనుకుంటున్నట్టు, "ఫాదర్‌తో చెప్పొచ్చాను, సమాధుల తోటలో మీ పెదనాన్న పక్క చోటు ఇంకెవరికైనా ఇచ్చుకోమని" అంది. "సభవాళ్ళ సమాధులు వేరే చోటటగా. పాపం, ఆయనకి ఒంటరిగా పడుకోవడం అలవాటు లేదు."

చిట్టి ఆ రాత్రే మోకాళ్ళూని దేవుడి దగ్గర ఒప్పుకున్నాడు. ఆయన ఆ తప్పు కడిగేశాడనే నమ్మాడు కూడా. తెల్లారి పెద్దమ్మ వేళ్ళు నలుపుకోవడం చూడగానే మళ్ళీ మొదటికొచ్చింది.

ఇంక ఉండబట్టలేక పాస్టరుగారి దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన చెడ్డమనిషేం కాదు. ఓపిగ్గా విన్నాడు.

"మీరు పలకకపోవడం కూడా దేవుడి ప్రణాళికేమో బ్రదర్. ఆవిడ తప్పు బోధలోంచి బయటికొచ్చారు, అది చూడండి. ఇప్పుడు చెప్పి ఆ ఆత్మని వెనక్కి తోసేస్తారా? ఆ లెక్క మీ మీదే పడుతుంది."

చక్కని దారి చూపించాడు కదా! ఇంటికొచ్చేదాకా చిట్టి ఆ మాటనే పట్టుకు నడిచాడు. తప్పు చేసినవాడికి తన తప్పునే దేవుడి పని అని ఎవరైనా చెబితే ఎంత తియ్యగా ఉంటుందో!

బాప్తిస్మం గౌన్లు ఎప్పుడూ చిట్టి కొట్లోనే ఉతుకుతారు. శనివారం మధ్యాహ్నం పెద్దమ్మ కోసం తీసిన గౌను ఇస్త్రీ చేసి, అలవాటు కొద్దీ కుర్చీలో పెట్టాడు. చిన్న గౌను. కుర్చీలో సగం కూడా నిండలేదు. పెద్దమ్మ ఇంత చిన్నదెప్పుడైంది అనుకున్నాడు. ఈలోగా ఆవిడే వచ్చి ఎదురుగా నిలబడింది.

"పొడుగు సరిపోతుందంటావా?" అంది గౌను తడుముతూ. "నీళ్ళు చల్లగా ఉంటాయేమో. నువ్వు పక్కనే ఉంటావుగా చిట్టీ? నా చెయ్యి వదలవుగా?"

చిట్టి ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపాడు. దేవుడికి చెప్పడం సులువు, ఆయన ముందే చూసేశాడు. ఈవిడకి చెప్పాలి. తనకే తెలీకుండా కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు, చిన్నప్పుడు ఫాదర్ ముందు కూలబడ్డట్టే.

"పెద్దమ్మా, ఆరోజు నువ్వు పిలిచింది నాకు వినపడింది."

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. "ఏ రోజు?"

"పూసలు తెగిన రోజు. డాబా మీదే ఉన్నాను. మోటారు వెయ్యనే లేదు."

"విన్నావా?"

"విన్నాను."

"మూడుసార్లూ?"

"మూడుసార్లూ విన్నాను పెద్దమ్మా. కావాలనే పలకలేదు. నువ్వు భయపడాలని."

తిడుతుందనుకున్నాడు. చెంప పగలగొట్టినా బాగుండేది. ఆవిడ మెల్లగా గౌను పక్కకి జరిపి, ఆ కుర్చీలోనే కూర్చుంది.

"అమ్మాయి పలక్కపోతే, ఏ పనిమీదో పోయి ఉంటుందనుకున్నాను. పిల్ల పలక్కపోతే, దాన్నీ వెంట తీసుకెళ్ళిందనుకున్నాను. కుర్చీల్లో బట్టలు రోజూ చూసేవేగా, నాకేం భయం? ఆ పటాన్ని చూసి కూడా నవ్వుకున్నానురా." గౌను అంచు మడత సరిచేసింది. "నిన్ను పిలిచాను. నా చిట్టి ఎక్కడున్నా, ఎంత కోపంలో ఉన్నా నేను పిలిస్తే పలుకుతాడు. పలకలేదంటే వీడు ఈ భూమ్మీద లేడు అనుకున్నాను. మీ పాస్టరు చెప్పాడని కాదురా నేను నమ్మింది. నువ్వు పలకలేదని నమ్మాను."

చిట్టి ఆవిడ ఒళ్ళో తల పెట్టి భోరుమన్నాడు. అంత మనిషీ కొట్టు తలుపులు తీసి ఉన్నాయన్న ధ్యాస లేకుండా ఏడ్చాడు. పెద్దమ్మ చాలాసేపు అతని తలమీద చెయ్యి వెయ్యలేదు. చివరికి వేసింది.

"ఫాదర్ అయితే ఇన్ని జపాలు చెప్పమని ఏదో ఒకటి వేసేవాడు. నేనేం వెయ్యను నీకు? మరియమ్మ జపం నువ్వు చెప్పవాయె." ముక్కు తుడుచుకుంది. "పిలిస్తే పలుకు. అంతే."

ఆ ఆదివారం ఆవిడ గుడికే వెళ్ళింది. పెదనాన్న పక్క చోటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదని ఫాదర్ చెప్పాడట. చిట్టి బొత్తాలు కుట్టే దారంతో పూసలన్నీ గుచ్చిచ్చాడు. కౌంటరు పైన పటం తీసేశాడు. సభ మానలేదు, రాకడ మీద నమ్మకమూ పోలేదు. అక్కడ లేచి నిలబడి జరిగింది చెప్పాడు. కొందరు ఇప్పటికీ అతనితో సరిగ్గా మాట్లాడరు. అదంతా అతను పడగలడు.

పడలేనిది వేరే ఉంది. పెద్దమ్మ ఇప్పుడు నిశ్శబ్దం ఓర్చుకోలేదు. రేడియో ఆగినా, వాషింగ్ మెషీన్ తిరగడం ఆపినా, ఇల్లు కాస్త సద్దుమణిగినా చాలు, లోపలి గదిలోంచి పిలుస్తుంది. మొదటి పిలుపులోనే ఆరోజు మూడో పిలుపు గొంతు ఉంటుంది.

"చిట్టీ!"

"ఉన్నాను పెద్దమ్మా! ఇక్కడే ఉన్నాను!" అంటాడు, చేతిలో ఏ పనున్నా, ఎదురుగా ఎవరున్నా.

"ఏం కావాలంట ఆవిడకి?" అని అడిగాడు మొన్న లాయరుగారు, కోటు మడత చూసుకుంటూ.

"ఏం లేదు సార్, ఊరికే పిలుస్తుంది" అన్నాడు చిట్టి, తలెత్తకుండా.