ఎర్త్ గుంటకు రెండు బకెట్లు

ఎనిమిది నెలలుగా ఆమె పొద్దున లేవగానే చేసే మొదటి పని, పెరట్లోని ఎర్త్ గుంటలో రెండు బకెట్ల నీళ్లు పోయడం. "మట్టి తడిగా ఉంటేనే ఎర్త్ పనిచేస్తుందక్కా, మరిచిపోకు" అని వైరింగ్ పని చేసే తమ్ముడు గుంట తవ్విన రోజే చెప్పాడు. ఆమె మరిచిపోలేదు. ఒళ్లు కాలిపోయే జ్వరంలో కూడా గోడ పట్టుకుని వెళ్లి పోసింది.

ఆ గుంట వెనక గదిలోని మెషిన్ కోసం. మెషిన్ ఒంటికి పాకే కరెంటు, గుంటలో దింపిన రాడ్డు గుండా నేలలోకి పోవాలి. ఆమె భర్త ఇరవై ఆరేళ్లు ఇనుము పోతపోసే ఫౌండ్రీలో, అచ్చులకి కావాల్సిన చెక్క నమూనాలు చేత్తో చేశాడు. ఆ పని ఎత్తేసి ఇంటికి పంపాక, ఉన్నదంతా ఊడ్చి, కంప్యూటర్ చెప్పినట్టు చెక్కను చెక్కే సీఎన్‌సీ మెషిన్ కొన్నాడు. పాత మేనేజరు మొహమాటపడి ఒక పంపు నమూనా అప్పజెప్పాడు. శుక్రవారం సాయంత్రానికి ఇస్తే ఇక పనంతా ఈయనకే, లేదంటే వేరే వాళ్లకి.

తొమ్మిది గంటలు ఆగకుండా తిరగాల్సిన పని అది. మెషినేమో మూడో గంటలోనో నాలుగో గంటలోనో ఉన్నట్టుండి ఆగిపోయేది. ఆగినచోట చెక్కలో గాటు పడేది. అలా మూడు దిమ్మెలు పాడయ్యాయి.

"మెషిన్ ముట్టుకుంటే జివ్వుమంటోందండీ," అని ఆమె ఒకటి రెండుసార్లు అంది.

"ఎర్త్ ఉందిగా. నీకు చెయ్యి తిమ్మిరెక్కి ఉంటుంది," అని ఆయన మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. తప్పు తన లెక్కలోనే ఉందని ఆయన నమ్మకం. "చదువు లేని బుర్ర నాది. దీనికెక్కడ ఎక్కుతుంది ఇదంతా."

శుక్రవారం పొద్దున గుంటలో నీళ్లు ఇంకలేదు. మట్టి కదిపి చూద్దామని ఆమె రాడ్డు పట్టుకుని ఊపింది. అది చేతిలోకి వచ్చేసింది. ఆనాడు తమ్ముడు భుజాన వేసుకొచ్చిన రాడ్డు వాడికంటే పొడుగు. ఇది చీపురుకట్టంత కూడా లేదు. కొస రంపంతో కోసినట్టు నున్నగా ఉంది.

తమ్ముడికి ఫోన్ చేసింది.

"కింద బండ ఉందక్కా. ఎంత కొట్టినా దిగలేదు. కోసేశాను."

"కోస్తే కోశావు. ఆ మాట చెప్పడానికేం?"

"బావ వచ్చీ రాగానే ఏమన్నాడు? 'వచ్చాడమ్మా సగంపని గాడు' అనలా? ఆ మాట పడ్డాక, సగమే దిగిందని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"ఎర్త్ సరిగా లేకనే కదా మెషిన్ మధ్యలో ఆగిపోతోంది. ఇప్పుడు బాగుచెయ్యి మరి."

"చుట్టూ అదే బండ. దూరంగా మట్టి చూసి తవ్వుకుంటూ రావాలి. మూడు నాలుగు రోజుల పని. ఇవాళ్టికి తెమలదు."

లోపల ఆయన చివరి దిమ్మె బిగిస్తున్నాడు. చెబితే మెషిన్ ఆపేస్తాడు, ఆపితే పని పోయినట్టే. ఒక్క ఈ రోజుకి నడవకపోతుందా అనుకుంది. రాడ్డు ఎక్కడిదక్కడ గుచ్చి, మరో రెండు బకెట్లు పోసింది.

మెషిన్ నాలుగో గంట దాటింది. ఐదోది, ఆరోదీ దాటింది. ఆయన నవ్వడం చాలా రోజుల తర్వాత చూసిందామె. ఎనిమిదో గంటలో ఆగిపోయింది.

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. "నా వల్ల కాదే. నేనే పనికిరాను."

ఆ మాట వినలేక ఆమె వెళ్లి రాడ్డు తెచ్చి బల్ల మీద పెట్టింది, తమ్ముడు చెప్పిందంతా చెప్పింది. ఆయన అలవాటు కొద్దీ టేపు తీసి కొలిచాడు. రెండడుగుల మూడంగుళాలు.

"వాణ్ణి నేనలా అనకుండా ఉండాల్సింది," అన్నాడు. "వాడెప్పుడు చెప్పాడు నీకు?"

"పొద్దున. మీరు దిమ్మె బిగిస్తున్నప్పుడు."

"పొద్దున్నే చెప్పి ఉంటే మేనేజరు కాళ్లో గడ్డమో పట్టుకుని నాలుగు రోజులు గడువు అడిగేవాణ్ణి. దిమ్మె మిగిలేది."

ఆ దారి ఉందని ఆమెకు తట్టనే లేదు.

ఆయన ఫోన్ మోగింది, మేనేజరు. "కాలేదండీ... లేదండీ, ఇంకో దిమ్మె లేదు... అలాగేనండీ." పెట్టేసి ఆయన మెషిన్ ప్లగ్ పీకి, వైరు చుట్టి కట్టాడు.

మర్నాడు పొద్దున రెండు బకెట్లూ నింపి గుంట దాకా వెళ్లాక గానీ, అందులో ఇక రాడ్డే లేదని ఆమెకు గుర్తు రాలేదు. పారబోయడానికి మనసొప్పక, ఆ నీళ్లతో వెనక గది కడిగింది.