పక్క సీటు

ఆవిడ పోయాక లారీ ఎంతో బుద్ధిగా నడిచింది. డ్రైవరుకి మింగుడుపడనిది అదొక్కటే. మిగతావన్నీ మింగుడుపడ్డాయి. వేళకి అన్నం తిన్నాడు, నిద్రపోయాడు, లోడు ఎక్కించాడు, దించాడు. పెళ్ళాం పోయినవాడు ఇంత నిబ్బరంగా ఎలా ఉన్నాడని కొందరు ముక్కున వేలేసుకున్నారు. గుండె రాయి చేసుకున్నాడు పాపం అని ఇంకొందరు జాలిపడ్డారు. అతను చేసుకున్నదేమీ లేదు, దానంతటదే అయింది. తిమ్మిరెక్కిన కాలిని గిల్లినా తెలియనట్టు, మనిషి మొత్తం అలా ఉన్నాడు.

అది పాతకాలపు డీజిల్ లారీ. పెళ్ళికి ముందునుంచీ అతని దగ్గరే ఉంది. అందుకే హమాలీలు లారీని పెద్దావిడ అనీ, భార్యని చిన్నావిడ అనీ అనేవాళ్ళు. చిన్నావిడ ఎక్కితే పెద్దావిడకి ఒళ్ళు మండుతుందని వాళ్ళ వేళాకోళం. దానికి కారణం లేకపోలేదు. భార్య పక్క సీట్లో కూర్చుని బయల్దేరిందంటే దారిలో ఎక్కడో ఒకచోట డాష్‌బోర్డు దీపాలన్నీ ఆరిపోయేవి, ఇంజను టక్కున ఆగిపోయేది. ఎంత తాళం తిప్పినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. చివరికి ఆవిడ దిగి, తలుపు మీద అరచేత్తో తట్టి, "అలగకు అక్కా, దిగాన్లే" అనేది. అంతే, ఒక్క తిప్పుకి స్టార్టయ్యేది. అందరికన్నా ఎక్కువగా నవ్వింది ఆవిడే.

నవ్వుతూ నవ్వుతూనే అది నిజమై కూర్చుంది. ఒకసారి లోడు ఆలస్యమై, గోడౌను యజమాని అందరి ముందూ నానా మాటలూ అన్నాడు. ఆ రోజు డ్రైవరు నవ్వకుండా అన్నాడు, "ఇకనుంచి నువ్వు ఇంట్లోనే ఉండు" అని. ఆవిడ ఇంట్లోనే ఉండిపోయింది. కూతురు చదువుకని హాస్టల్లో ఉండేది. ఇల్లు ఖాళీగా ఉండేది. ఆఖరిసారి బయల్దేరుతుంటే ఆవిడే గుమ్మంలోకొచ్చి అడిగింది.

"ఈసారి నేనూ వస్తాను. ఒక్కదాన్నీ ఏం తోచట్లేదు."

"మీ అక్క ఒప్పుకోదే" అని గేరు వేశాడు.

అతను తిరిగొచ్చేసరికి పక్కింటివాళ్ళు తలుపు గడియ విరగ్గొట్టి ఉన్నారు. గుండె నొప్పి. పక్కన మనిషి ఉంటే దక్కేదేమో అన్నాడు డాక్టరు. ఆ మాటకి డ్రైవరు తలూపాడు. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాడు.

చదువు ముగించుకుని కూతురు ఇంటికొచ్చింది. ఆ ఇంట్లో ఒంటరిగా ఉండటం ఆ పిల్లవల్ల కాలేదు. "ఉద్యోగం దొరికేదాకా నీతోనే తిరుగుతా నాన్నా" అని పక్క సీట్లో ఎక్కి కూర్చుంది. రైలు గేటు దగ్గర పట్టాలు దాటారో లేదో దీపాలు ఆరాయి, ఇంజను ఆగింది. డ్రైవరు ఆలోచించలేదు. నోరు దానంతటదే అనేసింది.

"దిగమ్మా."

పిల్ల దిగింది. లారీ స్టార్టయింది. ఆమె రోడ్డు పక్కన నిలబడి తండ్రి వంక చూసింది.

"అమ్మనీ ఇలాగే దింపేవాడివా?"

"ఊఁ."

"సరేలే. నేను పిన్నివాళ్ళింట్లో ఉంటాను." కోపం లేకుండానే అంది.

అతనికి ఏడుపు రాలేదు. కానీ ఒక సంగతి మాత్రం తేటగా తెలిసింది. ఈ పిల్ల కూడా వెళ్ళిపోతే ఇక తనకి ఎవరూ మిగలరు. ఆమెని మళ్ళీ దిగమని చెప్పడం తనవల్ల కాదు. కూతుర్ని ఆటోలో వెనకాలే రమ్మని, లారీని వెనక్కి తిప్పి బల్బు బాబాయ్ షెడ్డుకి పోనిచ్చాడు.

బల్బు బాబాయ్ లారీలకి కరెంటు పని చేస్తాడు. మీటర్లూ గీటర్లూ నమ్మడు. రెండు తీగలు అతికించిన చిన్న బల్బు ఒకటి ఎప్పుడూ మెడలో వేలాడేసుకుని తిరుగుతాడు. లారీని చూడగానే పెదవి విరిచాడు.

"మళ్ళీనా? దారిలో నీ తల ప్రాణం తోకకి తెస్తుంది, నా దగ్గరికొచ్చేసరికి కొత్తల్లుడిలా కుదురుగా ఉంటుంది. కనపడని జబ్బుకి మందేం వెయ్యను?"

అయినా వంగాడు. బ్యాటరీ టెర్మినళ్ళు గీకి బిగించాడు. ఛాసిస్‌కి కలిపిన ఎర్తు తీగ లాగి చూశాడు. తాళం స్విచ్చి కదిపాడు, ఫ్యూజుల పెట్టెని స్క్రూడ్రైవరు పిడితో తట్టాడు. ఎక్కడా తేడా లేదు. చివరికి డీజిల్ పంపు మీది వాల్వు దగ్గరికి వచ్చాడు. దానికి కరెంటు అందినంతసేపే డీజిల్ పారుతుంది, అందకపోతే ఇంజను ఆగుతుంది. ఆ వాల్వు తీగకి బల్బు తగిలించి, పొడుగాటి వైరుతో పైకి తెచ్చి, ముందు అద్దానికి అంటించాడు.

"ఇది ఆరిందా, దొంగ దొరికినట్టే. ఇప్పుడు చెప్పు. బండి ఆగినప్పుడు లోపల ఎవరెవరున్నారు?"

డ్రైవరు చూపు పక్క సీటు మీదికి పోయింది.

"నేను" అంది కూతురు. "ఇదివరకైతే అమ్మ. అమ్మ ఎక్కితేనే ఆగేదట. దిగితే కదిలేదట."

బాబాయ్ చేతిలోని పట్కారు కిందికి దించాడు.

"ఎన్నిసార్లు తెచ్చావయ్యా ఈ బండి. ఈ ముక్క ఒక్కసారైనా నా చెవిన వేశావా?"

"చెప్తే నవ్వుతావనుకున్నా బాబాయ్."

"నవ్వేవాణ్ణే. నవ్వి, ఆవిడని కూడా వెంటబెట్టుకు రమ్మనేవాణ్ణి."

షెడ్డులోకి ఆడవాళ్ళెందుకని డ్రైవరు ప్రతిసారీ ఒక్కడే వచ్చేవాడు. జబ్బుని ఇంట్లో వదిలేసి లారీని వైద్యుడి దగ్గరికి తెచ్చేవాడు. ఎంత తెలివైన పనో.

కూతురు పక్క సీటు ఎక్కబోయింది. డ్రైవరు అడ్డం వచ్చాడు. "నువ్వుండు. నేను కూర్చుంటా."

ఇన్నేళ్ళలో ఆ వైపునుంచి అతను ఎప్పుడూ ఎక్కలేదు. మెట్టు ఎక్కడుందో కాలికి తెలియలేదు. సీటు మధ్యలో గుంటపడి ఉంది, స్ప్రింగులు కుంగాయి. అక్కడనుంచి రోడ్డు సరిగ్గా కనపడదు, స్టీరింగు వెనక కూర్చున్న మనిషి మాత్రం నిండుగా కనపడతాడు. ఇప్పుడక్కడ బాబాయ్ కూర్చుని ఇంజను వేశాడు. అద్దం మీద బల్బు వెలిగింది.

"కాస్త ఎగురు."

డ్రైవరు కూర్చున్నచోటే ఎగిరాడు. అంత మనిషి అలా ఎగురుతుంటే కూతురికి నవ్వొచ్చింది, ఆపుకుంది. బల్బు వెలుగుతూనే ఉంది. మళ్ళీ ఎగిరాడు. బల్బు ఆరిపోయింది. ఇంజను టక్కున ఆగింది.



"దిగవయ్యా" అన్నాడు బాబాయ్.

అతను వెంటనే దిగలేదు. బాబాయ్ రెండోసారి చెప్పాక దిగాడు. పాదం నేల మీద ఆనగానే బల్బు వెలిగింది. బాబాయ్ తాళం తిప్పితే ఇంజను స్టార్టయింది.

సీటు బోల్టులు విప్పి పైకెత్తారు. తాళానికీ, దాని ద్వారా దీపాలకీ పంపుకీ కరెంటు అందించే వైరు సరిగ్గా సీటు ఇనప చట్రం కాలి కిందుగా పోతోంది. బాబాయ్ దాన్ని రెండు వేళ్ళ మధ్య వంచాడు. బల్బు ఆరింది. వదిలాడు, వెలిగింది.

"పైన తొడుగు చెక్కు చెదరలేదు, చూశావా. లోపల రాగి పోగులు తెగిపోయాయి. బరువు పడితే విడిపోతాయి, లేస్తే అంటుకుంటాయి. అందుకే నువ్వొక్కడివే తెచ్చినప్పుడు దొరకలేదు."

"ఎవరు కూర్చున్నా ఇంతేనా?" అని అడిగాడు డ్రైవరు.

"ఎవరైనా ఇంతే. బస్తా పెట్టినా ఇంతే."

తెగినచోట కత్తిరించి, కొత్త ముక్క అతికించి, రబ్బరు గొట్టం తొడిగి, చట్రానికి దూరంగా కట్టేశాడు బాబాయ్. తెప్పించిన టీ చల్లారేలోపు పని అయిపోయింది. అంత చిన్న పని. బల్బు మాత్రం తియ్యలేదు. ఒకటి రెండు రోజులు అలాగే ఉంచి చూసుకోమన్నాడు.

కూతురు పక్క సీట్లో కూర్చుంది. లారీ బయల్దేరింది. గుంతలొచ్చాయి, కుదుపులొచ్చాయి. బల్బు వెలుగుతూనే ఉంది.

"నాన్నా, బల్బు కాదు, రోడ్డు చూడు."

అతను రోడ్డు చూశాడు. మళ్ళీ బల్బు చూశాడు. రైలు గేటు దగ్గర పడుతుంటే, ఆరిపోతే బాగుండును అనుకున్నాడు. ఒక్కసారి ఆరితే చాలు, ఇంత చిన్న తీగ కోసం ఆవిడని ఇంట్లో వదిలి రాలేదని అనుకోవచ్చు. లారీ పట్టాల మీద ఎగిరి పడింది. బల్బు రెప్పపాటు కూడా తగ్గలేదు. పట్టాలు దాటాక లారీని పక్కకి తీసి, తాళం తిప్పి ఆపేశాడు. చేతులు స్టీరింగు మీదే ఉండిపోయాయి.

"మళ్ళీ ఆగిందా?" అని కూతురు తలుపు తీయబోయింది.

డ్రైవరు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"దిగకమ్మా" అన్నాడు. "నేనే ఆపాను."