ఎప్పుడు ఆగాలి?

ఇంటర్నెట్ ఆపరేటరు ప్రభాకరరావు చేతిలో అప్పటికి ఉన్నవి మూడు. అల్లవరం చుట్టుపక్కల పద్దెనిమిది వందల ఇళ్ళకు పాకిన ఇంటర్నెట్ తీగ ఒకటి. ఆ తీగ ఎక్కడ బాగుందో ఎక్కడ చెడిందో పచ్చ చుక్కలతో, ఎర్ర చుక్కలతో చూపించే సాఫ్ట్‌వేరు ఒకటి. మూడోది, పోయిన మనిషి గొంతు.

ఆ గొంతు లైన్‌మాన్ సత్యదుర్గారావుది. పదకొండేళ్ళపాటు ఏ స్తంభం ఎక్కినా, ఏ కాలువ దాటినా, పని అవగానే ఫోనులో మాట రికార్డు చేసి యజమానికి పంపడం అతని అలవాటు. రాత రాక కాదు, జిడ్డు చేతులతో టైపు కొట్టే ఓపిక లేక. ప్రభాకరరావు మొదటి ముక్క విని, బొటనవేలి బొమ్మ ఒకటి కొట్టి వదిలేసేవాడు. గుప్పెడు గింజలు చూస్తే బస్తా సంగతి తెలిసిపోతుందని అతని నమ్మకం.

రెండు నెలల కిందట దుర్గారావు కాలువ గట్టున, బండి పక్కనే కూలిపోయాడు. గుండె ఆగింది. నెల తిరక్కుండా పై కంపెనీ నుంచి కబురొచ్చింది. ఇకమీదట సాఫ్ట్‌వేరును నడిపేది మనుషులు కాదు, ఏఐ ఏజెంటు. అది చదివి నడుచుకునేలా ఎవరి ఏరియా సంగతులు వాళ్ళు నెలాఖరులోగా రాసివ్వాలి. రాయలేనివాళ్ళ ఏరియా అమలాపురం ఆపరేటరులో కలిపేస్తారు.

ఆ సంగతులు తెలిసినవాడు దుర్గారావొక్కడే. అందుకని తన ఫోనులో మిగిలిన అతని మాటలు విని రాయడానికి కూతురు సాయిదుర్గనే పిలిచాడు. డిగ్రీ చదివింది, తండ్రి మాట తీరు తెలుసు, జీతమిస్తే ఆ ఇంటికి ఆసరా. బేరం అన్ని వైపులా బాగుందనుకున్నాడు. ఫోను ఆమె చేతికిచ్చే ముందు మాత్రం చిట్టచివరి మాటను చెరిపేశాడు. అదొక్కటీ ఆ పిల్ల చెవిన పడకూడదు.

ఆఫీసు గదిలో దుర్గారావు మళ్ళీ మాట్లాడసాగాడు.

“ఆయ్, నేనేనండి. బంగారమ్మగారి ఇంట్లో నెట్టు పెట్టె రోజూ మజ్జానం ఎర్రగా కనపడుద్దండి. తీగ తెగి కాదు. కరెంటు కాలిపోద్దని ఆవిడే ప్లగ్గు పీకేత్తారు.”

సాయిదుర్గ రాసింది: ఈ పెట్టె ఒంటిగంట నుంచి నాలుగు వరకు ఎర్రగా ఉంటే రీస్టార్ట్ చేయకు. మనిషిని పంపకు.

“కృష్ణమూర్తిగారి కొబ్బరితోటలో ఉడతలు మన కేబులు రుచి మరిగేయండి. ఇది మూడోసారి. వాటికీ ఓ కనెక్షనిచ్చి బిల్లు పంపండి గురువుగారూ!”

ప్రభాకరరావు పకపకా నవ్వాడు. సాయిదుర్గ కూడా నవ్వి, చటుక్కున ముఖం తిప్పుకుంది. ఆ హాస్యం మూడేళ్ళ నాటిది. అతను వినడం అదే మొదటిసారి.

పన్నెండో రోజుకు నలభై పేజీలయ్యాయి. కంపెనీ ఇచ్చిన నమూనాలో ఒక్క గడి ఖాళీగా మిగిలింది: ఏజెంటు ఎప్పుడు ఆగాలి?

“అన్నీ విన్నానండి బాబాయిగారూ. నాన్న ఎక్కడా ఆగిందే లేదు. వానలోనూ చేసేరు, జొరంలోనూ చేసేరు. దీనికేం రాయమంటారు?”

“ఏదో ఒకటి రాయమ్మా. మూడుసార్లు రీస్టార్ట్ చేసినా పెట్టె లేవకపోతే ఆగమను.”

“అది పెట్టె సంగతండి. లైన్‌మాన్‌కి పని చెప్పేదీ ఆ ఏజెంటేనంట కదా. ఆ మనిషి ఒంట్లో బాలేదంటేనో?”

ప్రభాకరరావు లోపల బేరీజు వేసుకున్నాడు. చెబితే పిల్ల పని వదిలి పోవచ్చు, ఏరియా చేజారవచ్చు, ఊళ్ళో తలెత్తుకోలేకపోవచ్చు. చెప్పకపోతే పోయేదేమీ లేదు. అంత తేటగా తెలిసి కూడా నోరు మాట వినలేదు.

“ఆవేళ మీ నాన్న ఓ మాట పంపేడమ్మా. తీగ అతికేనన్నాడు. అంతవరకే విన్నాను. ఎడంచెయ్యి లాగేత్తంది, ఇంటికి పోనా అని ఆ తరవాత అడిగేడు. నేను బొమ్మ కొట్టి, వెంటనే ఇంకో ఇంటికి ఎల్లమన్నాను. ఆ దార్లోనే పడిపోయేడు. పోయేక మొత్తం విన్నాను. నీకు ఫోనిచ్చే ముందు చెరిపేసేను.”

సాయిదుర్గ తలెత్తలేదు. “నాన్న ఫోనులో ఉందండి. పెద్దకర్మ నాడే విన్నాను.”

“తెలిసే వచ్చేవా?”

“మీరు విని కూడా పంపేరో, వినకుండా పంపేరో తెలీక వచ్చేను. అమ్మ రోజూ అదే అడుగుద్దండి.”

“విన్లేదమ్మా. నిజంగా విన్లేదు.”

“ఆయ్,” అంది సాయిదుర్గ. “అమ్మకి చెబుతాను. మాకు అదేం చిన్న మాట కాదండి.”

తరవాత ఖాళీ గడి నింపి, పైకి చదివింది: “మనిషి చెప్పింది చివరిదాకా విను. ఒంట్లో బాలేదంటే ఇంకో పని చెప్పకు. వెంటనే ఇంకో మనిషిని పిలువు. సరిపోద్దాండి?”

“సరిపోద్దమ్మా.”

ఫోను బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి రాలేదు. మిగతా జీతం పంపితే, అమ్మ వద్దంటోందని తిప్పి పంపింది.

కంపెనీ ఆ కాగితాలను ఒప్పుకుంది. పూట పట్టే మరమ్మతులు ఇప్పుడు గంటలో అవుతున్నాయి. కొత్త లైన్‌మాన్ ఏజెంటుతోనే మాట్లాడుకుంటాడు. ప్రభాకరరావుకు మిగిలినవి చూస్తే, ఏరియా దక్కింది, తీరిక దొరికింది, ఎవరేం చెప్పినా ఆఖరు ముక్కదాకా వినే ఓపిక వచ్చింది. చెప్పేవాళ్ళే లేరు.